మూడో పిప్పరమెంటు బిళ్ళ

మా ఊరు ఔదెడైక్‌లో చర్చికి పాస్టరు లేక చాలా ఏళ్ళయింది. ప్రయత్నం చెయ్యక కాదు. ఏడాదికోసారి సంఘపెద్దలంతా కూర్చుని, ఎక్కడో ఉన్న ఒక పాస్టరుగారిని ఎంచి పిలుపు పంపేవారు. ఆయన మూడు వారాలు ప్రార్థన చేసుకుని, మీ ఊరికి రావడానికి ప్రభువు నాకు దారి తెరవలేదని జవాబు రాసేవాడు. ఆర్నెల్లు తిరక్కుండా అదే పాస్టరుకు ఏదో పెద్ద ఊరికి దారి తెరుచుకునేది. అక్కడి పాస్టరు ఇంట్లో గదిగదికీ వెచ్చదనానికి వేడినీళ్ళ గొట్టాలుండేవి. మా ఊరి పాస్టరు ఇంట్లో పొగగొట్టం నిండా కాకిగూళ్ళు. ప్రభువు చిత్తం గురించి మేమెవ్వరం వాదించం గానీ, చలికాలంలో మాత్రం ఈ సంగతి గుర్తొచ్చేది.

పాస్టరు లేడని ఆదివారం రాక మానదు కదా! అందుకని సంఘపెద్దల్లో ఒకడు ముందుకొచ్చి, ఎప్పుడో కాలం చేసిన పాస్టర్ల ప్రసంగాలు అచ్చువేసిన పుస్తకం తెరిచి చదువుతాడు. చదివేవాడికి నియమాలున్నాయి. పైనున్న ప్రసంగవేదిక ఎక్కకూడదు, కిందనున్న బల్ల దగ్గర నిలబడాలి. సొంతంగా ఒక్క మాట కలపకూడదు. చివర్న ఆశీర్వాదం చెప్పేటప్పుడు చెయ్యెత్తకూడదు. అన్నిటికంటే ముఖ్యం, 'ప్రభువు మిమ్మల్ని దీవించును గాక' అనకూడదు. 'మనల్ని' అనాలి. 'మిమ్మల్ని' అనే హక్కు పాస్టరుది. పెద్ద అయినంత మాత్రాన వాడూ బల్లల మీద కూర్చునేవాళ్ళలో ఒకడే, దీవెన వాడికీ కావాలి.

మా ఊళ్ళో ఇలా చదివేవాళ్ళు ఇద్దరు. ఒకడు రొట్టెల ఇజాక్. ఇజాక్‌కి గొంతు ఉంది, కన్నీళ్ళున్నాయి, రెండూ పిలిస్తే పలుకుతాయి. పరలోకం అనే మాట దగ్గర ఆయన గొంతు వణికితే వెనక వరసలో రుమాళ్ళు బయటికొచ్చేవి. ఒకసారి పుస్తకంలో ఊళ్ళ పేర్ల వరస వస్తే అక్కడ కూడా ఏడ్చాడు.

రెండోవాడు క్రైన్ వెస్డోర్ప్. ఈ కథ అతనిదే.

క్రైన్ ఉల్లి రైతు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు, మాట పొదుపు. వాతావరణం గురించి అడిగినా సగమే చెప్పేవాడు. పుస్తకం పట్టుకుని నిలబడ్డాడంటే మొదటి మాట నుంచి 'ఆమెన్' దాకా ఒకటే గొంతు. ఎక్కడం లేదు, దిగడం లేదు. నరకాన్నీ పరలోకాన్నీ ఒకే రకంగా చదివేవాడు, రెండింటి మధ్యా తేడా తెలియాలంటే విన్నవాళ్ళే చూసుకోవాలి. అతని వంతు వచ్చిన ఆదివారం చర్చిలో పిప్పరమెంట్లు ఎక్కువ ఖర్చయ్యేవి.

ఆ పిప్పరమెంట్ల సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర ప్రసంగానికి మూడు భాగాలు, భాగానికో బిళ్ళ. 'రెండవదిగా' అన్న మాట వినపడగానే చర్చి అంతా కాగితాలు గరగరమంటాయి. ఎవరూ నేర్పరు, తల్లి ఒళ్ళో కూర్చున్నప్పుడే పట్టుబడుతుంది. బిళ్ళని చప్పరించాలి, కొరకకూడదు. కొరికేవాడికి పిల్లనివ్వడానికి మావాళ్ళు రెండుసార్లు ఆలోచిస్తారు.

ఒకసారి పెద్దల సభ అయ్యాక ఇజాక్ ఉండబట్టలేక అనేశాడు. "క్రైన్, కాస్త గొంతు పెంచవయ్యా బాబూ! పోనీ నరకం వచ్చినప్పుడైనా పెంచు."

"పెంచమని పుస్తకంలో లేదు."

"పుస్తకంలో ఎందుకుంటుంది? గుండెలో ఉండాలి గానీ!"

"చూడు ఇజాక్. నా పొలం కింద మురుగునీటికి మట్టి గొట్టాలున్నాయి. ఇటు పడ్డ నీళ్ళు అటు పోవాలి, అంతే. నీళ్ళకి గొట్టం వాసన అంటకూడదు. నేను గొట్టాన్ని."

ఈ మాట ఊరంతా పాకింది. కొందరికి నచ్చింది. నమ్మకమంటే అదీ అన్నారు. పాస్టరు రాసింది పాస్టరు రాసినట్టు వస్తోంది, ఇజాక్ చదివితే సగం ఇజాకే వస్తాడు అన్నారు. తక్కినవాళ్ళు, వచ్చేది ఏదైనా మేలుకుని ఉంటేనే కదా తెలిసేది అన్నారు. క్రైన్ భార్య యోబీనా మాత్రం ఆ రోజు కాఫీ పోస్తూ ఒక్కటే అంది.

"గొట్టానికి కూడా తడి అంటుతుంది కదయ్యా."

క్రైన్ కాఫీ తాగాడు.

యోబీనా ఆ మాట ఊరికే అనలేదు. ఆమె మనసులో ఉన్నది క్రైన్ అన్న, లేండర్ట్.

లేండర్ట్ మా చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. మంచి చెయ్యి. మా ఊళ్ళో కీర్తన పాడటమంటే ఒక్కో స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా పట్టుకోవడం. తాతలనాటి పద్ధతి. ఒక చరణం అయ్యేలోపు గంజి ఉడికేది. పట్నాల్లో అప్పటికే చురుగ్గా పాడటం మొదలైంది. పదకొండేళ్ళ కిందట, పంటల పండుగ ఆదివారం నాడు, లేండర్ట్‌కి ఏం పుట్టిందో ఏమో, కృతజ్ఞతా కీర్తనని చురుగ్గా వాయించాడు. కుర్రకారు అందుకున్నారు. ముసలివాళ్ళు రెండు పాదాలు వెనకబడ్డారు. ఆర్గన్ ఆగిపోయాక కూడా వాళ్ళు పాడుతూనే ఉన్నారు, తలవంచుకుని, ఆఖరిదాకా.

ఇంకేముంది, పుట్టి మునిగినట్టు పెద్దల సభ పెట్టారు. క్రైన్ అప్పుడే కొత్తగా సంఘపెద్ద అయ్యాడు. అందరి కళ్ళూ అతని మీదే, అన్నని వెనకేసుకొస్తాడా అని. ఆర్గన్ వాయించడం మానిపించాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి క్రైన్‌ది. చెయ్యెత్తి ఊరుకుంటే బాగుండేది. "ఇంట్లో ఆవు ఈనుతోంది, తొందరగా పోవాలి అన్నట్టు వాయించాడు" అన్నాడు. సభంతా పగలబడి నవ్వింది. జన్మలో ఒక్కసారి హాస్యమాడాడు, అదీ అక్కడ.

ఆ మాట లేండర్ట్‌కి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆయన ఆర్గన్ తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తమ్ముడి వంక చూడను కూడా చూడలేదు. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు పక్క ఊరి చర్చికి పోయేవాడు. అన్నదమ్ముల పొలాల మధ్య ఒక కాలవ ఉంది. అటు గట్టు మీద ఆయన, ఇటు గట్టు మీద ఇతను, పదకొండేళ్ళు ఒకరి టోపీ ఒకరు చూసుకున్నారు. మా చర్చిలో ఆర్గన్ దగ్గర టన్నా టీచరమ్మ కూర్చుంది. ఆవిడ వేగం గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అది కీర్తనే అని పోల్చుకోవడానికే సరిపోయేది.

ఇక ఈ కథ జరిగిన వారం క్రైన్‌కి రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి.

మొదటిది, అంతకుముందు ఆదివారం అతను నోరు జారాడు. ఆశీర్వాదం దగ్గర 'మనల్ని' అనాల్సింది 'మిమ్మల్ని' అన్నాడు. కావాలని కాదు, అచ్చులో అలా ఉంది, గొట్టం కదా, అలాగే వచ్చేసింది. పెద్దలు ఒంటికాలి మీద లేచారు. "నువ్వెవరివయ్యా మాకు దీవెన పంచిపెట్టడానికి?" అని అడిగారు. క్రైన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ వారమంతా ఉల్లిగడ్డలకు తోకలు కోస్తూ, "మిమ్మల్ని కాదు, మనల్ని. మీ కాదు, మన" అని గొణుక్కుంటూనే ఉన్నాడు.

రెండో సంగతి శనివారం నాడు యోబీనా రొట్టెల కొట్టు నుంచి పట్టుకొచ్చింది. సంచీ కింద పెట్టకుండానే మొదలెట్టింది.

"సోమవారం పొద్దున లారీ వస్తోందట. మీ అన్నావాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మీ వదిన నెల్లాకి తుంటి ఎముక ఇక కుదరదన్నారట."

"ఊఁ."

"ఊఁ ఏమిటి ఊఁ? ఎక్కడో ఇసుక నేలల్లో ఆ మూల ఊరు! ఈ జన్మలో మళ్ళీ చూస్తావా? వెళ్ళి ఒక్క మాట మాట్లాడిరా."

"రానివ్వడు."

"వెళ్ళి చూశావా?"

"రేపు నా వంతు. ప్రసంగం చూసుకోవాలి."

అని ఉల్లిపాకలోకి వెళ్ళిపోయాడు. ప్రతి శనివారం అక్కడే పైకి చదివి చూసుకునేవాడు. వరసలో ఆ వారం వచ్చిన ప్రసంగం ఏమిటంటారా? బలిపీఠం దాకా కానుక తెచ్చినవాడు, తన సోదరుడికి తనమీద ఏదో కోపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడాలన్న మాట మీద. కల్పించి చెప్పడం లేదు, వరసలో అదే ఉంది. క్రైన్ మూడు భాగాలూ ఉల్లి బస్తాలకి వినిపించాడు. అదే గొంతు. కాఫీ తెచ్చిన యోబీనా గుమ్మంలోనే నిలబడిపోయి ఆఖరిదాకా విన్నది.

"ఏం చదివావో తెలిసిందా నీకు?"

"యాభై అయిదు నిమిషాలు. సరిపోతుంది" అన్నాడు క్రైన్, గడియారం జేబులో పెట్టుకుంటూ.

యోబీనా కాఫీ బస్తా మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి నిండింది. గాలి జోరుగా ఉంది. టన్నా టీచరమ్మ తనకు చేతనైనది చేసింది. క్రైన్ బల్ల దగ్గర నిలబడి మొదటి భాగం చదివాడు. బిళ్ళ. రెండో భాగం చదివాడు. బిళ్ళ. 'మూడవదిగా' అన్నాడు. కాగితాలు గరగరలాడి, మూడో బిళ్ళ అందరి నోళ్ళలోకీ వెళ్ళి, చర్చి సర్దుకుని కూర్చుంది. యోబీనా ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని, మొగుడి వంక కాకుండా నేల వంక చూస్తోంది.

మూడో భాగంలో ఆ పాత పాస్టరు వేలు చూపించి మాట్లాడతాడు. ఓయీ, అక్కడ కూర్చున్నవాడా, నీ సోదరుడికి నీమీద మనసులో ముల్లుందని నీకు తెలుసు, తెలిసీ పాడుతున్నావు, తెలిసీ ప్రార్థిస్తున్నావు అంటాడు. క్రైన్ అక్కడికొచ్చాడు. వారమంతా నాలుకకి పట్టించిన మాట నాలుక మీదే ఉంది.

"మన సోదరుడికి మనమీద" అన్నాడు.

తలలు లేచాయి. ఆశీర్వాదం దగ్గర మార్చాల్సింది ప్రసంగంలో మారింది. ఇజాక్ గొంతు సవరించుకున్నాడు. తప్పు చదివితే దిద్ది చదవాలి, అది కూడా నియమమే.

"తప్పు చదివాను" అన్నాడు క్రైన్. పుస్తకంలో లేని మాట అతని నోట ఆ చర్చిలో రావడం అదే మొదలు. కళ్ళజోడు సర్దుకున్నాడు. 'మన' కాదు. అయితే ఏది? వేలితో అక్షరం వెతుక్కున్నాడు. నాలుక అటు పోబోయి ఇటు తిరిగింది.

"నా సోదరుడికి నామీద మనసులో ముల్లుందని నాకు తెలుసు."

గొంతు పెరగలేదు. వణకలేదు. ఉల్లి ధర చెప్పినట్టే చెప్పాడు. కానీ చర్చిలో ఒక్క దవడ కదల్లేదు.

క్రైన్‌కి ఆ మాట తన చెవిన తనకే పడింది. ఎవరో వెనక నుంచి భుజం తట్టినట్టు ఒకసారి తల తిప్పి చూశాడు. వెనక ఎవరూ లేరు, గోడ ఉంది. మళ్ళీ పుస్తకం వంక చూశాడు. తర్వాతి వాక్యం చిన్నదే, ఒక్క మాటే. దాన్ని చదవడానికి నోరు తెరిచి మూసుకున్నాడు. కళ్ళజోడు తీసి, గాలికి పుట తిరగకుండా పుస్తకం మీద పెట్టాడు. బల్ల వెనక నుంచి బయటికొచ్చి, వరసల మధ్య నడిచి, తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు. టోపీ కొక్కేనికే ఉండిపోయింది.

చర్చిలో జనానికి పాలుపోలేదు. ఆశీర్వాదం కాకుండా లేవకూడదు. ఆశీర్వాదం కావాలంటే ప్రసంగం అవ్వాలి. అందరూ ఇజాక్ వంక చూశారు. ఇజాక్ లేచాడు, కోటు సవరించుకున్నాడు, బల్ల దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పక్కకి జరిపి చూశాడు. అలా కాసేపు చూశాడు. మళ్ళీ కళ్ళజోడు ఎక్కడిదక్కడ పెట్టి, వచ్చి తన చోట కూర్చున్నాడు. ఏం రాసుందని తర్వాత అడిగితే, "'వెళ్ళు' అని ఉంది. దాన్ని ఏ గొంతుతో చదవమంటారు?" అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు లేవు.

అలా కూర్చున్నారు. మూడో బిళ్ళ కరిగిపోయింది. నాలుగో బిళ్ళ అనేది మా ఊళ్ళో ఎవరూ ఎరగనిది. అయినా సంచీలు తెరుచుకున్నాయి. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి అందించారు. బిళ్ళల పొట్లం ఒకటి వరస వెంట పోతూ పోతూ, పొలం హద్దు గొడవలో కోర్టుకెక్కిన రెండు కుటుంబాల మధ్య కూడా చేతులు మారింది. ఇళ్ళలో సన్నసెగ మీద పెట్టొచ్చిన మాంసం అడుగంటుతోందని ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ లేవలేదు. కొంతసేపయ్యాక, పెద్దపెద్దవాళ్ళే, బిళ్ళలు కొరకడం మొదలెట్టారు.

క్రైన్ కరకట్ట మీద నడుస్తున్నాడు. అన్న ఇల్లు ఊరికి అవతల, అరగంట నడక. సైకిలు ఉంది గానీ ఆదివారం ఎక్కకూడదు. ఎదురుగాలి. వెళ్ళి ఏమనాలి? వెతుక్కుంటే అతని దగ్గర సొంత మాటలేవీ లేవు. నోట్లోకొచ్చేవన్నీ చచ్చిపోయిన పాస్టర్ల మాటలే. 'ఓ నశించిపోతున్న ఆత్మా' అని అన్నని పిలవలేడు కదా. పొలంలో మనిషిని ఎలా పలకరిస్తారో గుర్తు చేసుకున్నాడు. అదీ పనికిరాలేదు. రానివ్వకపోతే? వాకిట్లోనే తలుపు మొహాన వేస్తే? వెనక్కి వెళ్ళి అంతమంది ముందు మళ్ళీ ఏ మొహంతో నిలబడతాడు? కాళ్ళు నెమ్మదించాయి. అప్పుడు, మళ్ళీ మొహం గురించే ఆలోచిస్తున్నావురా, ఆ రోజు చెయ్యెత్తిందీ దానికే కదా అనిపించి, సిగ్గేసింది. సిగ్గుతోనే నడిచాడు.

లేండర్ట్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని. వెనక అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి కదల్లేదు.

"సగం ప్రసంగంలో వదిలేసి వస్తావురా? జనం కూర్చుని లేరూ అక్కడ?"

క్రైన్ గుమ్మం ముందే ఆగిపోయాడు. "నీకెలా తెలుసు?"

లేండర్ట్ పక్కకి తప్పుకున్నాడు. లోపల అలమర మీద చిన్న చెక్కపెట్టె. చర్చి నుంచి తీగ లాగి, లేవలేని ముసలివాళ్ళ ఇళ్ళలో ఆరాధన వినపడేట్టు పెట్టే పెట్టె అది. అమ్మ మంచాన పడ్డప్పుడు పెట్టించారు. అమ్మ పోయాక తీగ తీయించాలని ఎవరికీ తోచలేదు. ఇన్నేళ్ళుగా ఆదివారం పొద్దున్నే నెల్లా దాన్ని తిప్పి వింటోంది. ఇప్పుడూ తిప్పే ఉంది. అందులోంచి ఔదెడైక్ సంఘమంతా వినపడుతోంది. ఎవరో దగ్గారు. ఎవరో పటుక్కున బిళ్ళ కొరికారు.

"ప్రతి ఆదివారం విన్నావా?"

"నెల్లా వినేది. నేను ఇక్కడ కూర్చుని బంగాళాదుంపలు చెక్కేవాణ్ణి." లేండర్ట్ పెట్టె వంక చూస్తూ అన్నాడు. "పదకొండేళ్ళు నీ గొంతు విన్నానురా. ఎవరో చదువుతున్నారు అనుకునేవాణ్ణి. ఇవాళే నువ్వు మాట్లాడావు."

క్రైన్ గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. గాలికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. గాలే, చాలావరకు.

"అన్నా, ఆ రోజు సభలో ముందు చెయ్యెత్తింది నేను."

"తెలుసు."

"నువ్వు వాయించింది నచ్చక కాదు. బాగుంది. అన్నని వెనకేసుకొచ్చాడంటారని ఎత్తాను. ఆవు మాట కూడా నేనే అన్నాను. వాళ్ళు నవ్వితే నాకు బాగుంది. తప్పు చేశాను. క్షమించు."

లేండర్ట్ పెట్టె వైపు తిరిగాడు. పెట్టెలో ఇంకో బిళ్ళ పటుక్కుమంది.

"ఆ రోజు సాయంత్రం మన ఆవు నిజంగానే ఈనింది" అన్నాడు చివరికి. "నీకు చెబుదామనుకున్నాను. చెప్పడానికి లేకుండా పోయింది."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. లేండర్ట్ చెయ్యి చాపాడు. క్రైన్ పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకోవాలో తెలియక ఇద్దరూ ఇబ్బంది పడ్డారు.

"ముప్పావుగంట పట్టిందేమిట్రా ఇక్కడికి? పాత బాణీలో నడిచొచ్చావా?"

"ఎదురుగాలి. పైగా సైకిలు..."

"ఆదివారం. అవును."

లోపల్నుంచి నెల్లా కేకేసింది. "ఇద్దరూ గుమ్మంలో నిలబడి చలిని ఇంట్లోకి తోలుతున్నారు! వెళ్ళి ఆ ప్రసంగం పూర్తి చెయ్యండయ్యా. వాళ్ళ పళ్ళు పాడైపోతున్నాయి, వినలేకపోతున్నాను!"

తలుపు తెరుచుకున్నప్పుడు చర్చిలో ఎవరూ వెనక్కి తిరగలేదు. తిరగకుండా చూడటం మావాళ్ళకి చేతనవును. ముందు లేండర్ట్, వెనక క్రైన్. లేండర్ట్ ఒకప్పుడు తన ఇంటివాళ్ళు కూర్చునే వరస దగ్గర ఆగాడు. అక్కడున్నవాళ్ళు కిమ్మనకుండా జరిగారు. అప్పుడు పై నుంచి చిన్న చప్పుడైంది. టన్నా టీచరమ్మ ఆర్గన్ బల్ల దిగి, చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. లేండర్ట్ తల పైకెత్తి చూశాడు. కూర్చోబోయినవాడు మెట్లెక్కాడు.

క్రైన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. బూట్లకి కట్ట మీది బురద. వదిలిన చోటే అందుకున్నాడు. "వెళ్ళు" అని చదివాడు, అదే గొంతుతో. ఆ తర్వాత వాక్యం చదివాడు. వెళ్ళొచ్చి అప్పుడు నీ కానుక తీసుకురా అన్న భాగం దగ్గర మాత్రం కాస్త ఆగాడు, మళ్ళీ సాగాడు. ఆఖరిదాకా ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. ఆ రోజు నిద్రపోయినవాడు మా ఊళ్ళో లేడు.

కీర్తన మొదలైంది. లేండర్ట్ తమ్ముడి కోసమని తాతలనాటి పద్ధతిలో, ఒక్కో స్వరానికీ ఒక్కో ఊపిరి చొప్పున, నెమ్మదిగా వాయించాడు. క్రైన్ అన్న కోసమని చురుగ్గా పాడాడు. ఒకే స్వరం మీద ఇద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. మధ్యలో చర్చంతా నలిగిపోయింది. సగంమంది అటు, సగంమంది ఇటు. మా చర్చి పుట్టాక అంత ఘోరంగా ఎప్పుడూ పాడి ఉండం. యోబీనా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పక్కనున్నవాళ్ళకి తెలియలేదు, ఆమెకీ తెలిసినట్టు లేదు.

ఆశీర్వాదం వచ్చింది. క్రైన్ చేతులు బల్ల మీదే ఉంచాడు.

"ప్రభువు మనల్ని దీవించి కాపాడును గాక" అన్నాడు. ఈసారి గుర్తు పెట్టుకుని అన్నది కాదు.

సోమవారం లారీ వచ్చింది. ఒక్క ఆదివారానికి లారీ ఆగదు. క్రైన్ వెళ్ళి అట్టపెట్టెలు ఎక్కించాడు. చెక్కపెట్టె మాత్రం తీగ ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక్కడి చర్చి నుంచి అన్న వెళ్ళే ఊరికి తీగ అందదు. అప్పట్నుంచి నెలకోసారి శనివారం బస్సెక్కి అన్న దగ్గరికి వెళ్ళేవాడు. యోబీనా కూడా వెళ్ళేది, ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో చూద్దామని. ఎక్కువ మాట్లాడుకోలేదని చెప్పింది.

రెండేళ్ళకి మా ఊరికి పాస్టరు వచ్చాడు. కాకిగూళ్ళు తీయించాం. చదువుకున్నవాడు, గొంతున్నవాడు. ఇజాక్ కంటే బాగా మాట్లాడతాడు, పుస్తకం కూడా చూడడు. మొదటి ఆదివారం ప్రసంగం అయ్యాక చర్చి వాకిట్లో పెద్దలంతా చుట్టూ చేరి ఆయన్ని మెచ్చుకున్నారు. పాస్టరుగారు సంతోషించి, ఒక్కడే పక్కకి నిలబడి ఉన్న క్రైన్ దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"ఎలా ఉందండీ ప్రసంగం?"

క్రైన్ ఆలోచించాడు. అబద్ధమాడటం అతనికి రాదు.

"బాగుందండీ" అన్నాడు. "కాకపోతే, మధ్యలో లేచి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు."